పప్పు ఉడికే నీళ్ళు

"సూడు, మన బోరు నీళ్ళ మహిమ! బ్యాడలు వెన్న మాదిరి ఉడికినాయి" అన్నాడు మా మామ ఎర్రన్న, పప్పులో వేళ్ళు ముంచి.

పొద్దున ఐదింటికి లేచి కందిబేడలు ఏరింది నేను. కడిగి కుక్కర్లో పెట్టింది నేను. మిరపకాయలు, చింతపండు వేసి, పప్పుగుత్తితో మెదిపి, తిరగమోత పెట్టి, ఆయన కూర్చున్న చోటికి తెచ్చి వంగి వడ్డించింది నేను. మహిమ మాత్రం బోరుది. కాపురానికి వచ్చిన ఈ పదేళ్ళలో ఇది నేను ఎన్ని వందల సార్లు విన్నానో లెక్కలేదు. పప్పు మెత్తగా ఉంటే బోరు గొప్పతనం, ఉప్పు ఎక్కువైతే నా చేతి గుణం, సంగటి గట్టిపడితే నా చదువు గుణం. "బీఎస్సీ చదివినోళ్ళకు సంగటి గెలికేది యాడ వస్తాదిలే" అని మా ఆయన నాగేశ్వర ఒకసారి పదిమందిలో అంటే, ఆ పదిమందీ నేను వండిన సంగటే నోట్లో పెట్టుకుని నవ్వారు. నేను కూడా నవ్వాను. ఇప్పటికీ ఆ నవ్వు గుర్తుకొస్తే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

బెళుగుప్ప పక్క పల్లె మాది. ఇక్కడ పది బోర్లు వేస్తే తొమ్మిదింట్లో దుమ్ము వస్తుంది. మా చేన్లో ఇరవై ఏళ్ళ కిందట వేసిన బోరు మాత్రం నాలుగువందల అడుగుల కింద నుంచి ఈరోజుకీ పోస్తూనే ఉంది. ఊరి పెద్దవీధంతా ఆ నీళ్ళే తాగుతుంది. మా వైపు నీళ్ళు మంచివా చెడ్డవా అని తేల్చడానికి ఒకటే పరీక్ష: పప్పు ఉడుకుతుందా? పిల్లనిచ్చే ముందు కూడా అదే అడుగుతారు. మా నాయన అనంతపురం నుంచి వచ్చి, అబ్బాయిని చూసి, చేను చూసి, చివరికి "నీళ్ళెట్లుంటాయప్పా, పప్పు ఉడుకుతాదా?" అని అడిగాడట. "రెండు విజిల్లకే" అన్నారట. ఆయన తృప్తిగా తాంబూలం పుచ్చుకున్నాడు. నా కూతురు ఇక్కడ ఏమవుతుంది అని అడగాలని ఆయనకూ తోచలేదు, చెప్పాలని వీళ్ళకూ తోచలేదు.

ఈ బోరు నా చేతికి వేరే రకంగా వచ్చింది రెండువేల నాలుగులో, కార్తీకమాసంలో. నీళ్ళ శాఖ ఇంజనీరు లింగప్ప మా ఇంటికి వచ్చి, ఊళ్ళో నీళ్ళు ఎప్పటికప్పుడు కొలవాలని, అందుకు సైన్సు చదివిన మనిషి కావాలని అన్నాడు. ఊరు మొత్తానికి సైన్సు చదివింది నేనొక్కదాన్నే. అయితే నీటి సంఘానికి అధ్యక్షుడు మా ఆయన అయ్యాడు. కాగితంలో "పరీక్ష చేసినవారు" అన్న చోట కూడా మా ఆయనే సంతకం పెట్టాడు. శిక్షణకు అనంతపురం పంపింది మాత్రం నన్ను. రెండు రోజులు అక్కడ పద్దెనిమిది మంది మగవాళ్ళ మధ్య కూర్చున్నాను. టీ కూజా వచ్చినప్పుడల్లా, అదేదో ఆడదాని చేతికే తెలిసిన విద్య అయినట్టు, పద్దెనిమిది మందీ నా వైపే చూశారు. మొదటి రోజు పోశాను. రెండో రోజు నా గ్లాసు నేను నింపుకుని కూర్చున్నాను.

ఇంటికి తెచ్చుకున్నది ఒక నీలం పెట్టె. అందులో గాజు గొట్టాలు, మందు సీసాలు, రంగుల పట్టీ. గొట్టంలో నీళ్ళు పోసి చుక్కలు వేస్తే గులాబీ రంగు నిలిచిందంటే ఫ్లోరైడ్ తక్కువ. పసుపులోకి తిరిగే కొద్దీ ఎక్కువ. ఒకటిన్నర దాటితే ఆ నీళ్ళు తాగకూడదు. ఎక్కువ ఫ్లోరైడ్ ఉన్న నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే పిల్లల పళ్ళు గారపడతాయి, పెద్దల కీళ్ళు బిగుసుకుపోతాయి. కార్తీకంలో మా బోరు కొలిస్తే ఒకటి పాయింట్ రెండు వచ్చింది. మా ఆయన ఆ అంకెను ఊరంతా తిప్పాడు. నెల తిరక్కుండా పథకం తయారైంది. మా బోరు పక్కన పెద్ద ట్యాంకు కడతారు, దాని మీద మా మామ పేరు రాస్తారు, పెద్దవీధికీ కాలనీకీ కుళాయిలు వేస్తారు. ఊరి బయట కాలనీ వాళ్ళు తాగే వంక పక్కన బావిని పిల్లలు పడతారని బండతో మూసేస్తారు. మా ఆయన వచ్చే ఏడు సర్పంచికి నిలబడతాడు. అంతా బాగుంది. పెట్టె మాత్రం వంటింట్లో ఉప్పు జాడీ పక్కన పెట్టారు, ఎందుకంటే అది నా పని, నా పనులన్నీ ఉండేది అక్కడే.

ఊరిలో వండే చోట, తాగే చోట నీళ్ళు కొలవమన్నారు కాబట్టి బడికి వెళ్ళాను. బడిలో మధ్యాహ్నం వంట చేసేది తిప్పమ్మ. కాలనీ మనిషి, అరవై దాటాయి. ఆమె వండిన అన్నం తినకూడదని మా ఇంట్లోంచి మౌనికకు క్యారియర్ పంపుతారు. మౌనిక మా కూతురు, మూడో తరగతి. ఆ క్యారియర్ కట్టేది నేనే కాబట్టి ఆ తప్పులో నాకూ పాలు ఉంది. నేను కిటికీలో గొట్టాలు సర్దుకుంటుంటే తిప్పమ్మ పొయ్యి ముందు నుంచే నవ్వింది.

"ఏంటికమ్మా ఆ సుక్కలు, గొట్టాలు? బువ్వ సూస్తే తెల్యదా?"

"బువ్వలో ఏం తెలుస్తాది?"

"ఇప్పుడేం తెల్యదులే, తెల్లగుండాది. శివరాత్రి పోనీ. మీ బోరు నీళ్ళకు పసుపెయ్యకుండానే పసుపెక్కుతాది. బ్యాడలు సోడా ఏసినట్ల కరిగిపోతాయి. మా బావి నీళ్ళకు బువ్వ ఎప్పుడూ తెల్లగుంటాది. బ్యాడలే మొండివి, ఎంత ఉడికించినా పంటికింద పలుకుతాయి. పొద్దున ఇంట్లో బావి నీళ్ళతో వండుతా, ఈడ మీ నీళ్ళతో వండుతా. రెండేండ్లుగా సూస్తాండా గదా."

"బ్యాడలు బిరీన ఉడికితే మంచిదే గదా?"

ఆమె గరిటె పక్కన పెట్టి, ఆవరణలో ఆడుకుంటున్న కాలనీ పిల్లను ఒకదాన్ని పిలిచింది. తర్వాత మౌనికను పిలిచింది. "ఇద్దరూ ఒకపారి నవ్వండమ్మా" అంది. కాలనీ పిల్ల పళ్ళన్నీ కనిపించేలా నవ్వింది. తెల్లటి పళ్ళు. నా బిడ్డ పెదాలు మూసుకుని, చేయి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఎనిమిదేళ్ళకే దానికి ఆ చేయి అడ్డం పెట్టుకోవడం ఎవరు నేర్పారో నాకు తెలుసు. ఆ పళ్ళ మీద గోధుమ రంగు చారలున్నాయి. నేను చాక్లెట్లు కొనిపెట్టడం వల్ల వచ్చాయని మా ఇంట్లో ఎప్పుడో తీర్పు అయిపోయింది. "తల్లికి శ్రద్ధ ల్యాకపోతే అంతే" అన్న మాట కూడా దానికి జోడించారు.

"పెద్దవీధి పిల్లోళ్ళందరికీ అంతేనమ్మా. కాలనీలో ఒక్కరికి సూపించు" అంది తిప్పమ్మ.

ఆ రోజు ఇంటికి నడిచి వస్తూ నన్ను నేను తిట్టుకున్నాను. కాలేజీ ల్యాబులో పసుపు కాగితం క్షారంలో ముంచితే రంగు మారుతుందని మార్కుల కోసం రాసినదాన్ని. సున్నం తక్కువై సోడా ఎక్కువైన నీళ్ళు మెత్తగా ఉంటాయి, తియ్యగా ఉంటాయి. సున్నం లేని అలాంటి నీళ్ళలోనే రాళ్ళలోని ఫ్లోరైడ్ కరిగి నిలుస్తుంది. ఇదంతా నేను చదివిందే. అదే నీళ్ళకు పప్పు త్వరగా ఉడుకుతుంది, అన్నం పసుపు తిరుగుతుంది. పదేళ్ళు ఎండాకాలమంతా నా గిన్నెలో అన్నం పసుపు తిరుగుతుంటే "బియ్యం పాతవి" అన్న మా ఆయన మాట నమ్మి గిన్నె తోముకున్నాను. నా చదువు ఒకవైపు, నా వంట ఒకవైపు పడి ఉన్నాయి. ఆ రెంటినీ ఒకచోట పెట్టే తీరిక నాకు ఎవరూ ఇవ్వలేదు, నేనూ లాక్కోలేదు.

మౌనిక పాత నోటుపుస్తకం ఒకటి తీసి ప్రతి పేజీకీ నడుమ గీత గీశాను. ఎడమవైపు తిప్పమ్మ మాట, కుడివైపు పెట్టె చెప్పిన అంకె. ప్రతి గురువారం బడికి వెళ్ళేదాన్ని. ముందు ఆమె అన్నం చూసి చెప్పాలి, ఆ తర్వాతే నేను చుక్కలు వేయాలి. అంకె ఆమెకు ముందే చెప్పేదాన్ని కాదు. కార్తీకంలో "తెల్లగుండాది" అంటే ఒకటి పాయింట్ రెండు. సంక్రాంతి దాటాక "రవంత తేడా" అంటే ఒకటి పాయింట్ ఏడు. శివరాత్రి తర్వాతి గురువారం "చేమంతి రంగు" అంటే రెండు పాయింట్ నాలుగు. భూమిలో నీళ్ళు దిగిపోయే కొద్దీ ఆమె అన్నంలో పసుపు పెరిగింది, నా గొట్టంలో పసుపూ పెరిగింది. ఒక్క గురువారం మాత్రం ఆమె "బాగా ఎక్కింది" అంటే నాకు ఒకటిన్నరే వచ్చింది. "తప్పు చెప్పినావు తిప్పమ్మా" అన్నాను గొప్పగా. ఆమె నా గొట్టం తీసుకుని ఎండలో పెట్టి చూసి, "కడగల్యా నువ్వు దీన్ని" అంది. నిజంగానే అడుగున పాత మందు అంటుకుని ఉంది. మళ్ళీ కడిగి కొలిస్తే రెండు పాయింట్ ఆరు.

ఇక మా అత్త సంగతి. సుబ్బలక్ష్మమ్మకు యాభై ఆరేళ్ళు. మెడ తిప్పలేదు, ఎవరినైనా చూడాలంటే ఒళ్ళంతా తిప్పాలి. కింద కూర్చోలేదు, కూర్చుంటే లేవలేదు. వాతం అన్నారు, వయసు అన్నారు, పథ్యం సరిగ్గా చేయదన్నారు. ఆమెకు స్నానం చేయించేది, చీర కట్టేది, మంచం మీదికి ఎక్కించేది నేను. ఒకరోజు ఆమె వీపు రుద్దుతుంటే వెన్నుపూస చేతికి కట్టెలా తగిలి నా చేయి ఆగిపోయింది. ఇంట్లో మగవాళ్ళిద్దరూ అదే బోరు నీళ్ళు తాగుతారు కదా, వాళ్ళ నడుములు నిటారుగా ఎలా ఉన్నాయి అనుకున్నాను. అనుకోగానే సమాధానం దొరికింది. మా ఆయన పొద్దున మోటారుసైకిలెక్కి కళ్యాణదుర్గం పోతే చీకటి పడ్డాకే ఇల్లు చేరేది. మామకు పంచాయితీలు, పెళ్ళిళ్ళు, పార్టీ మీటింగులు. వాళ్ళు ఊరూరి నీళ్ళు తాగుతారు. అత్త ముప్పై ఏడేళ్ళుగా ఈ గడప దాటలేదు. బోరు పడ్డప్పటి నుంచి ఆమె తాగిన ప్రతి చుక్కా అందులోదే. ఇల్లు కదలని ఇల్లాలు అని ఊరంతా మెచ్చుకున్న గుణమే ఆమె ఎముకల్లోకి దిగింది.

నాకూ ఏడాదిగా నడుము పట్టేస్తోంది. చెబితే "చదువుకున్నోళ్ళకు వంగేదానికి నామోషీ" అన్నాడు మా ఆయన.

"ముందు మీరు తాగింది యాడి నీళ్ళు అత్తా?" అని అడిగాను.

"వంక బావివే" అంది ఆమె. "అప్పుడది మనదే. కాలనీ వాళ్ళను రానిచ్చేవాళ్ళు కాదు. ఆ నీళ్ళకు పప్పు ఉడికేదే కాదు తల్లీ. కోడి కూయకముందే పొయ్యి మీద పెడితే మద్యాన్నానికి కూడా పలుకే. ఎన్ని తిట్లు తిన్నానో మీ మామతో. బోరు పడినాక రోంత సుకపడినా. మనం వదిలేసినాకనే ఆ బావి వాళ్ళకు దక్కింది."

ఆమె ముఖంలో ఆ సుఖం గుర్తుకొచ్చి వెలుగు కనిపించింది. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. పొయ్యి ముందు ఇంత వెసులుబాటు దొరికినందుకు ఆమె తన వెన్నెముక ఇచ్చింది, అదీ తెలియకుండా.

చైత్రం మొదట్లో మూడు పాయింట్ ఆరు వచ్చింది. పుస్తకం తీసుకుని మా ఆయన ముందు పెట్టాను. ట్యాంకు భూమిపూజకు పది రోజులుంది. ఆ రోజే ఇంజనీరు వచ్చి ఎండాకాలం పరీక్ష కాగితం తీసుకుని, బోరు మంచిదని సంతకం పెట్టాలి.

"ఒక అంకె గదా" అన్నాడు ఆయన. "కార్తీకంలో కొలిసింది నువ్వే గదా. ఒకటి పాయింట్ రెండు. అదే ఎయ్యి. అబద్దమేమన్నా రాయమంటినా?"

"అది వానలు పడినప్పటి లెక్క. ఇప్పుడు మూడున్నర దాటింది. మన మౌనిక పండ్లు సూడండి. అత్త నడుము సూడండి. కాలనీ పిల్లోళ్ళు ఇన్నాళ్ళూ ఆ బావి నీళ్ళు తాగి బాగుండారు. దాన్ని మూసి ఈ నీళ్ళు తాపితే వాళ్ళకూ ఇదే గతి."

"వాళ్ళకు ఇంటి ముందరికి కుళాయి ఇస్తాండాం. దండం పెట్టాల మనకు. ఇంతకీ నీకు చెప్పిందెవరు, ఆ తిప్పమ్మనా?" పుస్తకం తిరగేసి పెద్దగా చదివాడు. "'బువ్వ చేమంతి రంగు.' మీ నాయన నిన్ను బీఎస్సీ చదివించింది పొయ్యికాడి ముసల్ది చెప్పింది రాసుకునేదానికా?"

నేను ఏదో అనబోతే చేయి ఎత్తి ఆపాడు. కొట్టడానికి కాదు, ఆపడానికే. ఆయన మంచివాడని అందరూ అనేది అందుకే.

"అయినా నీకేం భయం? నీ పేరు ఆ కాగితంలో యాడా ల్యా. సంతకం నాది. మూడు కాపీలు రాసిపెట్టు, నీ దస్తూరి బాగుంటాది."

కాగితాలు కుక్కర్ పక్కన పెట్టి వెళ్ళిపోయాడు. తేదీ రాశాను. ఊరి పేరు రాశాను. అంకె దగ్గర కలం ఆగింది. నా పేరు ఎక్కడా లేదన్న మాట నన్ను వదల్లేదు. నిజమే కదా. పొలం కాగితాల్లో లేదు, బోరు మీద లేదు, కట్టబోయే ట్యాంకు మీద ఉండదు, నేను చేసిన పరీక్ష మీద కూడా లేదు. పేరు లేని మనిషికి పాపం కూడా ఉండదని ఆయన నాకు ధైర్యం చెబుతున్నాడు. రేపు కాలనీలో ఒక పిల్ల చేయి అడ్డం పెట్టుకుని నవ్వితే ఆ అంకె రాసింది ఎవరి చేయి? దస్తూరి మాత్రం నాదే. కాగితాలు నిలువునా చించి పొయ్యిలో వేశాను.

మౌనిక పళ్ళు డాక్టరుకు చూపించాలని చెప్పి, బోరు నీళ్ళు ఒక క్యానులో, తిప్పమ్మతో బడికి తెప్పించిన వంక బావి నీళ్ళు ఇంకో క్యానులో పట్టుకుని అనంతపురం బస్సెక్కాను. నీళ్ళు పరీక్ష చేసే ఆఫీసులో గుమాస్తా నా పేరు రాసుకుని, "భర్త పేరు?" అన్నాడు.

"నీళ్ళకు మొగుడెందుకప్పా? తెచ్చింది నేను. నా పేరు చాలు" అన్నాను.

అతను కళ్ళద్దాల పైనుంచి చూసి, ఆ గడి ఖాళీగా వదిలేశాడు. సాయంత్రానికి కాగితం ఇచ్చారు. బోరు నీళ్ళు మూడు పాయింట్ ఏడు. బావి నీళ్ళు సున్నా పాయింట్ తొమ్మిది. కింద ముద్ర, పైన నా పేరు. బస్సులో ఆ కాగితాన్ని నాలుగుసార్లు తీసి చదువుకున్నాను.

కాగితాలేవని మా ఆయన అడిగితే భూమిపూజ రోజు ఇస్తానన్నాను. ఆ రోజు ఇంట్లో ఇరవై మందికి వంట. తెల్లవారగానే రెండు బిందెలు తీసుకుని పెద్దవీధి మధ్య నుంచి కాలనీ వైపు నడిచాను. అరుగుల మీద కూర్చున్నవాళ్ళు పళ్ళు తోముకోవడం ఆపి చూశారు. బావి దగ్గర తిప్పమ్మ నీళ్ళు చేదుతోంది. నన్ను చూసి పక్కకు జరిగింది.

"ఏందమ్మా, మీరు ఈడికొచ్చినారు?"

"చేద ఇయ్యి తిప్పమ్మా. ఈ పొద్దు వంట ఈ నీళ్ళతోనే."

"మీ ఇంట్లో తెలిస్తే?"

"తెలవాలనే తీస్కపోతాండా. నువ్వు మాత్రం తోడొద్దు, నేనే చేదుకుంటా. రేపు నీ మీద పెడతారు ల్యాకుంటే."

ఆమె చేద నా చేతికి ఇచ్చింది. బిందెలతో ఇంటికీ బావికీ నాలుగుసార్లు తిరిగాను. ఆఖరిసారి నోటుపుస్తకం ఆమె ముందు తెరిచి, చివరి పేజీలో రాసింది చదివి వినిపించాను. "చూసింది తిప్పమ్మ. కొలిచింది అరుణజ్యోతి." ఆమె తన పేరు ఉన్న చోట వేలు పెట్టి, "ఇదేనా నా పేరు?" అని అడిగి, కాసేపు వేలు తీయలేదు.

పప్పు తొమ్మిది విజిల్ల దాకా ఉంచాను. మూత తీస్తే బేడలు బేడలుగానే ఉన్నాయి. పప్పుగుత్తికి లొంగలేదు. అలాగే తిరగమోత పెట్టాను. అన్నం మాత్రం తెల్లగా ఉంది. మా ఇంట్లో ఎండాకాలంలో అంత తెల్లటి అన్నం నేను చూడలేదు.

పూజ అయ్యింది, గుంతలో కొబ్బరికాయ కొట్టారు. మామ, మా ఆయన, ఇంజనీరు లింగప్ప, మండలం పెద్దలు హాల్లో విస్తర్ల ముందు కూర్చున్నారు. లింగప్ప తన సంచిలోంచి కొనుక్కొచ్చుకున్న నీళ్ళ సీసా తీసి విస్తరి పక్కన పెట్టుకున్నాడు. మా బోరు మంచిదని సంతకం పెట్టబోయే మనిషి దాహానికి సీసా తెచ్చుకున్నాడు. నా ఒంట్లో ఏమైనా జంకు మిగిలి ఉంటే అది చూశాక పోయింది.

"బోరు నీళ్ళ పప్పు సార్, తిని సూడండి. వెన్న మాదిరి..." అంటూ మామ ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. ఆగాడు. మళ్ళీ నమిలాడు. "ఏమ్మా, పప్పు పలుకుతాండాది?"

"అవ్ మామా. అది మన బోరు నీళ్ళతో వండింది కాదు. వంక బావి నీళ్ళు."

మామ చేయి విస్తరి మీదే ఆగిపోయింది. "కాలనీ నీళ్ళా?" అన్నాడు గొంతు తగ్గించి.

"ఆ నీళ్ళే. మీరు ముందు తాగిన నీళ్ళే. తొమ్మిది విజిల్లు పెట్టినా ఉడకల్యా. కానీ తాగేదానికి అవే మంచివి. మన బోరు మూడు పాయింట్ ఏడు, ఆ బావి సున్నా పాయింట్ తొమ్మిది." ల్యాబు కాగితం లింగప్ప విస్తరి పక్కన, సీసా పక్కన పెట్టాను.

లింగప్ప ఎడమచేత్తో కాగితం తీసుకుని చదివాడు. "ఒకపారి కొలిస్తే చాలదమ్మా. ఎండలకు ఒక్కోపారి అట్ల వస్తాది" అన్నాడు మా ఆయన వైపు చూస్తూ.

"ఒకపారి కాదు సార్." నోటుపుస్తకం తెరిచి ఇచ్చాను. "పద్దెనిమిది వారాలు. ఈ పక్క నేను కొలిసింది. ఈ పక్క తిప్పమ్మ బువ్వ సూసి చెప్పింది. ఆమె చెప్పినాకే నేను కొలిసినా. ఒక్కపారి తేడా వచ్చింది, అదీ నేను గొట్టం కడగక. కార్తీకంలో మంచిగుండేది నిజమే. శివరాత్రి నుంచి వానలు పడేదాకా ఇవి విషమే. ఎప్పుడెప్పుడు తాగగూడదో ఆమెకు మీ పెట్టె రాకముందే తెలుసు. మీరు అడగల్యా."

ఆయన పేజీలు తిప్పాడు. మొదట గబగబా, తర్వాత నెమ్మదిగా. అంకెల వరసను వేలితో పైనుంచి కిందికి దిగాడు, మళ్ళీ పక్కనున్న మాటల వరసలో దిగాడు. పుస్తకం మూసి తన ఫైల్లో పెట్టుకున్నాడు. సంతకం పెట్టాల్సిన కాగితం బయటికి తీయలేదు. "ఇది పైకి పంపాల నాగేశ్వరా. అంతదాకా ఆ బావి ముయ్యగూడదు" అన్నాడు. సీసా మాత్రం సంచిలోకి దాచుకున్నాడు.

మామ విస్తరి మడిచి లేచాడు. ఆయన వెనకే ఒక్కొక్కరూ లేచారు. మా ఆయన వంటింట్లోకి వచ్చాడు.

"ముప్పై ఏండ్ల పరువు ఒక పూటలో తీసినావు. కాలనీ నీళ్ళు తాపినావు మా నాయనకు. రేపట్నుంచి మల్ల బోరు నీళ్ళతో వండితే సరి, ల్యాకుంటే మీ నాయనింటికి పో."

"యాడికీ పోను. వండేది నేను, నీళ్ళు తెచ్చేది నేను. రేపు కూడా ఇవే నీళ్ళు, ఎల్లుండి కూడా ఇవే. వానలు పడేదాకా ఈ ఇంట్లో పప్పు ఉడకదు."

"ఎవరు తింటారే ఈ పలుకుల పప్పు?" అని గిన్నెను గోడకేసి తోశాడు. అది దొర్లలేదు, సగం నిండి బరువుగా ఉంది.

లోపలి గదిలోంచి అత్త గొంతు వినిపించింది. ముప్పై ఏడేళ్ళలో మగవాళ్ళు తినకముందు ఆమె అన్నం అడగడం ఈ ఇంట్లో ఎవరూ వినలేదు.

"నాకు పెట్టు అరుణా. నమిలేదానికి పండ్లు ఉండాయి నాకు. వంగేదానికే నడుము ల్యా."

నేను ఆయనను దాటుకుని అలమర దగ్గరకు వెళ్ళి, మౌనికను కేకేసి, మూడు పళ్ళేలు తీసుకున్నాను.